పదిహేడో జేబు

ఆయుధాలు అప్పగించిన ఘట్టాలు ప్రపంచ చరిత్రలో బోలెడున్నాయి గాని, బ్రాండన్ ఊరి హైస్కూల్లో టీచరు వెర్నా ఫ్రీసన్ కెమిస్ట్రీ గదిలో రోజూ ఎనిమిదీ నలభైకి జరిగేదానంత గంభీరంగా ఇంకెక్కడా జరిగి ఉండదు. తలుపుకు వేలాడే, చెప్పులు దాచుకునే గుడ్డసంచికి ముప్ఫై జేబులు; ఫోన్లు అందులోకే. మొదటి దాంట్లో వెర్నా స్వయంగా ఫోను పెట్టేది, ఓడిన రాజు కత్తి దించినంత ఠీవిగా. తర్వాత పిల్లలు, వరసలో, శోకదేవతల్లా.

వెర్నా స్టైన్‌బాక్ అనే ఊరి దగ్గర పాలడెయిరీలో పెరిగిన మనిషి. ఆవుల్ని పితుకుతూ మూలకాల పట్టిక బట్టీ పట్టింది. నడుం నొప్పి పుట్టకుండా వచ్చింది చదువు కాదని ఆమె సిద్ధాంతం. ఫోన్లో చదువుకుంటామని పిల్లలంటే, ఫ్రిజ్‌లో తల పెట్టి చలికి అలవాటు పడతామన్నట్టు చూసేది.

జనవరిలో ఒక మంగళవారం బోర్డు మీద రాస్తూ ఉండగా, వెనక బెంచీలోంచి వెర్నా గొంతే వినబడింది. "మళ్లీ చెబుతున్నా, ఇదే ఆఖరిసారి..." ఆమె నోరు మాత్రం మూసే ఉంది.

"నోరు కదపకుండా పాఠం చెప్పడం కూడా వచ్చా మిస్?" అన్నాడు డారెల్.

మాటలు ఒడెట్ లావలే అనే అమ్మాయి పెన్సిళ్ల సంచిలో దాచిన ఫోనులోంచి వస్తున్నాయి. తలుపు దగ్గర పదిహేడో జేబులో ఆమె పెట్టింది వాళ్ల నాన్న పాత ఫోను, ఎప్పుడో ప్రాణం పోయింది. ఇలా ఉత్తుత్తి ఫోను పెట్టినవాళ్ల అసలు ఫోను శుక్రవారం దాకా ఆఫీసు బీరువాలో ఉండాలని రూలు. పరీక్షేమో గురువారం. అందులో తప్పితే ఒడెట్‌కు నర్సింగు సీటు లేనట్టే.

వెర్నా ఫోను ఆఫీసుకు పంపే చీటీల పుస్తకం తీసింది. "ఏమిటిది?"

"మీ పాఠమే మిస్, రికార్డు చేసుకున్నా. క్లాసులో మీరు పరిగెత్తుతారు. ఇంటికి బస్సులో గంట పైనే పడుతుంది. అక్కడైతే మిమ్మల్ని ఆపొచ్చు."

"ఆపుతావా నన్ను?"

"మూడేసి సార్లు. ఏమీ అనుకోకండి."

"అందరూ ఇలాగే చదువుతారా?"

"లేదు మిస్. డారెల్ హాకీ చూస్తాడు."



వెర్నా చీటీ మీద 'ఒడెట్' దాకా రాసి ఆగింది. ఎడమ చెయ్యి తన స్వెటర్ జేబు మీదికి పోయింది. ఆమె చీటీ చింపేసింది.

"బల్ల మీద పెట్టు, కనబడేట్టు. నన్ను పెన్సిళ్లలో కుక్కి ఊపిరాడకుండా చెయ్యకు."

ఆ పూట పాఠం మామూలుకన్నా నెమ్మదిగా, కొంచెం మర్యాదగా సాగింది.

గురువారం ఒడెట్‌కు అరవై ఒకటి వచ్చాయి. సీటుకు అరవై చాలు.

మొదటి జేబులోని వెర్నా ఫోను పనిచెయ్యక రెండేళ్లయింది. అసలుది స్వెటర్ జేబులో ఉంటుంది.