ఎడమ తిరుగుడు

మా అన్న కూతురు జయంతి ఇక్కడ బర్మాలో, లైంగ్‌థార్యార్‌లో బట్టల ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. కుట్టి వచ్చిన చొక్కాలు తిరగేసి చూడటం, కుట్టు తప్పితే వెనక్కి పంపడం దాని పని. పదేళ్లుగా అదే. పొద్దున్నే సంచౌంగ్‌లో సందు చివర కంపెనీ బస్సెక్కితే దీపాలవేళకి ఇల్లు చేరుతుంది. ముప్పై నాలుగేళ్లొచ్చాయి, పెళ్లి మాట ఎత్తనివ్వదు. మా అన్న తర్వాత వదిన కూడా పోయాక ఒక్కతే ఉంటోంది.

మూడేళ్ల కిందట ఒక ఆదివారం పబేడాన్‌లో ఉన్న నా మసాలా కొట్టుకొచ్చి లవంగాలు, దాల్చినచెక్క, కల్లుప్పు కావాలంది.

"ఇవన్నీ ఏటికే?" అన్నాను.

"అత్తా, నాను విచ్‌ని," అంది, బస్సు ఆలస్యమైందని చెప్పినంత తేలిగ్గా.

విచ్ అంటే మంత్రగత్తె అని తెలిసేంత ఇంగ్లీషు నాకూ వచ్చు. మా తాతలు విశాఖపట్నంలో ఓడెక్కినప్పుడు మూటల్లో కట్టుకొచ్చిన భయాల్లో మొదటిది చిల్లంగి, అంటే చేతబడి. ఎవరి పిల్లకి జ్వరమొచ్చినా ఒక ఒంటరి ఆడదాన్ని చూపించి, అదే చిల్లంగి పెట్టిందని పళ్లు ఊడగొట్టేవారట. మా నాయనమ్మ ఆ కథలు చెప్తూనే అన్నం పెట్టేది.

"దెయ్యం గియ్యం ఏటీ లేదత్తా," అని జయంతి నన్ను కూచోబెట్టి చెప్పింది. ఫోన్లో వాళ్లదొక గుంపు, ఆరుగురు ఆడవాళ్లు. సైతాను వాళ్ల లెక్కలో లేనే లేడు. భూమి తల్లి, చంద్రుడిలో అమ్మవారు, సూర్యుడిలో అయ్యవారు. గురువు లేడు, అందరూ ఒప్పుకోవాల్సిన గ్రంథం లేదు, ఎవరి పూజకి వాళ్లే పూజారి. ఏడాదికి ఎనిమిది పండగలు. అవి చలిదేశాల వాళ్లు పెట్టుకున్నవి కాబట్టి, జయంతి ఒక పండగని మామిడికాయల రోజులకీ ఇంకోదాన్ని తొలి వానకీ మార్చుకుంది. అమావాస్యకీ పున్నమికీ గుండ్రంగా తిరిగి గిరి కట్టి, దాని లోపల నిలబడి దణ్ణం పెట్టుకుంటారు. ఉత్తరాన ఉప్పు, అది భూమి, చెడు అంటిన చోట చల్లితే శుద్ధి. తూర్పున అగరొత్తు, గాలి. దక్షిణాన కొవ్వొత్తి, పడమట నీళ్లు. ఆ దారికున్న కట్టుబాటు మాత్రం ఒక్కటే. ఎవరికీ కీడు చెయ్యకుండా నీకు నచ్చింది చేసుకో. నువ్వు ఏది పంపితే అది మూడింతలై నీ దగ్గరకే వస్తుంది.

అంతా విన్నాను. అయినా రోత పోలేదు. దాని ఇంటి ఓనరమ్మ గుమ్మంలో ఎర్రగుడ్డ చుట్టిన కొబ్బరికాయని బర్మావాళ్ల నాట్ దేవుడికని వేలాడదీస్తే నాకేమీ అనిపించదు. మా పిల్ల గిన్నెలో ఉప్పు పెడితే మాత్రం ఒళ్లు జలదరించింది.

ఈ ఏడు అమ్మోరి పండగకి ముందు ఆదివారం పడ్డ అమావాస్య నాడు, చేపల పులుసు పట్టుకుని దాని ఇంటికెళ్లాను. సాయంత్రం ఇంకా వెలుతురుంది. తలుపు ఓరగా వేసుంది. లోపల జయంతి అగరొత్తు పట్టుకుని ఎడమవైపుగా తిరుగుతోంది. గుడిలో కుడివైపుగా తిరుగుతాం. ఎడమవైపు తిరిగేది చితి చుట్టూ, కడవ భుజాన పెట్టుకుని. నాకు తెలిసి ఇంకెక్కడా లేదు. ఎవరి చావు కోసం తిరుగుతోందో అనుకున్నాను. పులుసు గిన్నెతోనే మెట్లు దిగిపోయాను.

అక్కడితో నోరు మూసుకోవలసింది. నా కొట్టుకి ఎదుటి కొట్టు బలరాంది. గుడి కమిటీకి పెద్ద కూడా అతనే. మర్నాడు అతనితో టీ తాగుతూ అంతా చెప్పేశాను.

వారం తిరక్కుండా జయంతి చిల్లంగిదైపోయింది. ప్రతి ఆదివారం మనవడికి నిమ్మకాయతో దిష్టి తీసి నడివీధిలో తొక్కించే దేముడమ్మ, జయంతి ఎదురొస్తే పిల్లాడి కళ్లు మూసి తుపుక్కున ఉమ్మింది. అంతకంటే పెద్ద దెబ్బ ఇంకోటుంది. మా వదిన ఐదేళ్లు పండగకి అమ్మవారి ఘటం, ఆ పూజ కడవ, తల మీద ఎత్తుతానని మొక్కుకుని, నాలుగు ఎత్తి పోయింది. ఆ ఐదోది ఈ ఏడు జయంతి ఎత్తాలి. ఎత్తడానికి వీల్లేదని కమిటీ కబురు పెట్టింది.

నేనెళ్లేసరికి అది వాళ్లమ్మ ఫొటో కింద బోర్లించిన కడవ తుడుస్తోంది.

"ఎడమ తిరుగుడు ఏటే మరి?" అనడిగాను.

"గిరి విప్పడానికత్తా. బాబిన్‌కి దారం ఎటు చుడితే దానికి ఎదురు తిప్పి విప్పుతాం గదా. కుడికి తిరిగి కట్టింది, ఎడమకి తిరిగి విప్పుతాం." అని, చేతిలో గుడ్డ ఆపి చూసింది. "అయినా అది నీకెలా తెలుసు?"

"ఎవరో అనుకుంటున్నారు," అన్నాను. నా మీద నాకే అసహ్యం వేసింది. అయినా చూసి చెప్పింది నేనేనని ఒప్పుకోలేదు.

పండగ ఇంకో నాలుగు రోజులుందనగా బలరాం నా కొట్లోకొచ్చి, జయంతితో మాట్లాడాలి, తీసుకెళ్లమన్నాడు. మనసు మార్చుకున్నాడేమోనని సంబరంగా తీసుకెళ్లాను. జయంతి చాప వేసింది, ఇద్దరం కూచున్నాం. అతను జేబులోంచి తమలపాకు పొట్లం తీసి విప్పాడు. లోపల వెంట్రుకలు, నూనె జిడ్డుతో ముద్దకట్టి.

"కృష్ణకుమార్‌వి. నాకు పోటీగా కమిటీకి నిలబడ్డాడు. మంగలి కొట్లో నానే ఏరాను," అన్నాడు. "సావక్కర్లేదమ్మా. కాలో సెయ్యో పడిపోతే సాలు. పని సేసిపెట్టు, గటం నీకే."

ఊరందరి ముందు దాన్ని చిల్లంగిదన్నది ఇతని నోరే.

జయంతి చాలాసేపు వాళ్లమ్మ కడవ వంక చూసింది. ఇంతకుముందు అతన్ని బాబాయ్ అనేది. ఇప్పుడు, బర్మా వాళ్లు పరాయి పెద్దమనిషిని పిలిచినట్టు, "ఊ బలరాం, ఇది తీసుకుపోండి. నాను సెయ్యను," అంది.

"అమ్మ మొక్కు నీకక్కర్లేదా?"

"అమ్మకి నాను సెప్పుకుంటాను. తీసుకుపోండి."

అతను పొట్లం మడిచి జేబులో పెట్టుకుని లేచాడు. "అయితే గటం దేముడమ్మ కోడలు ఎత్తుతాది. నాకేటి తెలుసు, ఎడమ తిరుగుడు తిరుగుతున్నావని మీ అత్తే నా దగ్గరకొచ్చి సెప్పింది. ఆవిడ మాట నమ్మే గదా వచ్చాను," అని వెళ్లిపోయాడు.

జయంతి నావైపు చూడలేదు. ఉత్తరం మూల ఉన్న గిన్నె తెచ్చి, అతను కూచున్న చోట ఉప్పు చల్లింది. తర్వాత నా దగ్గరకొచ్చి నిలబడింది.

"అత్తా, కాస్త లెగు," అంది.

లేచాను. నేను కూచున్న చోటా చల్లింది.