బీరువా తలుపు లోపలి కాగితం

మా ఊరి స్కూలు సైన్సు టీచరమ్మ పోయిందని కబురొచ్చినప్పుడు నా చేతిలో పొలం మోటారు కాయిలు ఉన్నాది. రాగి తీగ చుట్లు లెక్కపెడుతున్నాను. స్కూలు వాచ్‌మేన్ కొట్టు ముందు సైకిలు దిగి, "బాబూ, టీచరమ్మ పోయిందట. గుండె ఆగిపోయిందట" అన్నాడు. లెక్క తప్పింది. నలభై ఏళ్ళ పనిలో కొట్టు ముందు నుంచి పెళ్ళి మేళాలు వెళ్ళినా నాకు లెక్క తప్పలేదు. చుట్టిన తీగంతా విప్పేసి కొట్టు మూసేశాను. మర్నాడు సమాధుల తోటలో అందరూ యేసు పాటలు పాడుతుంటే నేను గుప్పెడు మట్టి వేసి వచ్చేశాను.

నాకు చదువు లేదు. నాలుగో తరగతితో సరి. గరివిడి రోడ్డులో కాలిపోయిన మోటార్లకి తీగ చుట్టి బతికినవాణ్ణి. ఆవిడ దేవత, చల్లని తల్లి అని నేను రాయను. మొండి మనిషి. నాతో మొదటి రోజే తగువు పెట్టుకుంది.

స్కూలు ఫేను కాలిపోతే తనే ఆటోలో వేసుకుని తెచ్చింది.

"ఎందుకు కాలిపోయింది బాబాయి?"

"కాలిపోయింది. అంతే."

"అంతే అంటే కుదరదు. కారణం చెప్పు."

"నీకు ఫేను కావాలేటి, కారణం కావాలేటి?"

"రెండూ కావాలి" అని బల్ల మీద కూర్చుంది. లేవలేదు. చివరికి నేనే విసుగొచ్చి కాయిలు విప్పి చూపించాను. ఒక దగ్గర తీగ మీద పూత రాలిపోయి, చుట్టుకి చుట్టు తగిలి మాడిపోయింది. ఆవిడ దాన్ని వెలుతురులో పెట్టి అటూ ఇటూ తిప్పి చూసి, "ఈ మాడిన ముక్క నాకియ్యి, పిల్లలకి చూపిస్తాను" అంది. ముప్ఫై ఏళ్ళుగా అలాంటి ముక్కలు చెత్తలో పారేశాను. అడిగినవాళ్ళు లేరు.

ఆ శనివారం తొమ్మిదో తరగతి పిల్లల్ని నా కొట్టుకి తోలుకొచ్చింది. "మీకు కావలసిన ఇంజినీరు ఈయనే. అడగండి" అంది. ఎకసెక్కం చేస్తోందనుకుని మండిపోయాను. కాదు. ఇనప మేకులు పంచి, కొందరిచేత తక్కువ చుట్లు, కొందరిచేత ఎక్కువ చుట్లు తీగ చుట్టించింది. బేటరీ తగిలిస్తే ఆ మేకు గుండుసూదుల్ని లాగుతాది. "ఎన్ని లేస్తాయో ముందు రాసుకోండి. తరవాత చూద్దాం" అంది. తప్పు రాసిన పిల్లల మొహాలు చిన్నబోతే, "తప్పు రాసినవాళ్ళకే ఇది ముసలయ్యేదాకా గుర్తుంటాది" అంది. చుట్ల లెక్క తప్పకూడదని నాకు ఎప్పట్నుంచో తెలుసు. ఎందుకు తప్పకూడదో, చుట్లు తగ్గితే లాగే బలం తగ్గిపోతాదని, ఆ పిల్లలతో పాటు ఆ రోజే తెలిసింది. ఇప్పుడు ఒప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. అప్పుడు ఉండేది.

స్కూల్లో సైన్సు సామాను ఒక ఇనప బీరువాలో ఉండేది. ఆవిడ రాకముందు దానికి ఎప్పుడూ తాళమే. పగిలితే ఎవరు జవాబు చెప్తారని భయం. గాజు గొట్టాలకి బూజు పట్టింది గాని ఒక్కటీ పగల్లేదు. ఆవిడ తాళం తీయించి, తలుపు లోపల ఒక పెద్ద కాగితం అంటించింది. మూడు గడులు. ఎవరు, ఏం పగిలింది, ఎందుకు పగిలింది. మొదటి వరసలో తన పేరే రాసుకుంది. వేడి గాజుబుడ్డిని చన్నీళ్ళ కుళాయి కింద పెట్టిందట. మూడో గడిలో "అంతే" అని రాయకూడదు. "చెయ్యి జారింది" అని రాసినా ఊరుకునేది కాదు. చెయ్యి ఎందుకు జారిందో రాయాలి.

ఆ కాగితం మీద నా పేరూ ఉన్నాది. పిల్లల ముందు గొప్పకి పోయి, కరెంటు కొలిచే మీటరుని మధ్యలో బల్బులాంటి లోడు లేకుండా నేరుగా బేటరీకి కలిపేశాను. ముల్లు ఒక్క దెబ్బకి వంగిపోయింది.

"మీటరు పాతది" అన్నాను.

"బాబాయి, పేరు రాయి."

"నాకు రాత రాదు."

"బిల్లు మీద సంతకం ఎవరు పెడతన్నారు?"

రాశాను. మూడో గడి నా మనవరాలు నింపింది. అప్పుడది ఆ క్లాసే. "లోడు లేకుండా కలిపాడు. టీచర్ని అడగలేదు" అని రాసి నాకు చదివి వినిపించింది. క్లాసంతా నవ్వింది. ఇంటికెళ్ళాక దాంతో రెండు రోజులు మాట్లాడలేదు.

పదో తరగతి అయ్యాక అది ఎలక్ట్రికల్ డిప్లొమా చేస్తానంది. "ఆడపిల్లకి కరెంటు పనేటి" అన్నాను. ఆవిడ కొట్టుకొచ్చి, "కరెంటుకి ఆడా మగా తెలుస్తాదేటి బాబాయి? ముట్టుకుంటే ఇద్దర్నీ కొడతాది" అంది. చివరికి పాలిటెక్నిక్‌కి నేనే తీసుకెళ్ళాను. ఇప్పుడది సబ్‌స్టేషన్‌లో డ్యూటీ చేస్తన్నాది. నా కొట్లో కరెంటు పోతే దానికే ఫోన్ చేసి తిడతాను.

స్కూల్లో సంతాప సభ పెట్టారు. హెడ్మాస్టరు ఆవిడ ఫొటో బీరువా మీద పెట్టి దండ వేశారు. బాగానే మాట్లాడారు. చివర్లో, "కొత్త టీచరు వచ్చేదాకా బీరువా తియ్యొద్దు. అందులో సామానే ఆవిడ జ్ఞాపకం. భద్రంగా ఉంచుదాం" అన్నారు. మీటర్లు బాగుచెయ్యడానికని ఆవిడ నాకొక తాళంచెవి ఇచ్చింది. అది ఇమ్మని చెయ్యి చాచారు.

"ఇవ్వను" అన్నాను.

"పెద్దవారు, మీరే అలా అంటే ఎలా? సామాను పగిలితే ఎవరిది బాధ్యత? మీకు చదువు కూడా లేదు కదా."

నాకు చదువు లేదని అందరికీ తెలుసు. నేనే చెప్తాను. ఇంకొకరు చెప్తే ఊరుకోను. లేచి వెళ్ళి బీరువా తెరిచాను.

"బాబూ, ఈ కాగితం మీద ఆవిడ పేరుంది. నా పేరుంది. ఇంతమంది పిల్లల పేర్లున్నాయి. మీ పేరెక్కడుందో సూపించండి. మీరు సామాను పగలకుండా సూసుకున్నారు. ఆవిడ పిల్లల్ని సూసుకుంది. తాళం ఏస్తే ఆవిడ ఇంకోసారి సచ్చిపోతాది."

నా మనవరాలు లేచి, "సార్, శనివారాలు నాకు డ్యూటీ లేనప్పుడల్లా నేనొస్తాను. తాత ఒక్కడూ పిల్లల్ని భయపెట్టేస్తాడు" అంది. వెనక వరసలో పిల్లలు నవ్వారు. హెడ్మాస్టరు చెయ్యి వెనక్కి తీసుకుని, "ఒక్క శనివారం చూస్తాను" అన్నారు.

ఆ శనివారం బీరువా తీశాం. గంట కాకముందే ఎనిమిదో తరగతి పాప ఒకర్తి చేతిలో గాజు గొట్టం టప్పుమంది. పిల్లలంతా పని ఆపేశారు. గుమ్మంలో హెడ్మాస్టరు నిలబడి ఉన్నారు. పాప ఫొటో వైపు చూసింది, నా వైపు చూసింది. చేతికి తగల్లేదు కదా అని వేళ్ళు చూసి, పెన్ను ఇచ్చాను.

పేరు రాసింది. ఏం పగిలిందో రాసింది. మూడో గడి దగ్గర ఆగిపోయింది.

"తొందర లేదమ్మా" అన్నాను.

మిగతా పిల్లలు గాజు పెంకులు ఏరి, మళ్ళీ పనిలో పడ్డారు. ఆ పాప మాత్రం తలుపు ముందు కదలకుండా, పెన్ను మూత పళ్ళ మధ్య పెట్టుకుని, ఖాళీ గడినే చూస్తూ ఆలోచిస్తన్నాది.