మున్షీగారి వంశం

ముప్పై నాలుగేళ్ళు శ్రీకాకుళంలో సోషల్ పాఠం చెప్పిన మెర్సీ టీచరు తేదీల దగ్గర ఎవరినీ వదిలేది కాదు. పిల్లవాడు ఒక్క సంవత్సరం అటూ ఇటూ రాస్తే చాలు, ఎర్రసిరాతో సున్నా చుట్టేది. "చరిత్రంటే నీ ఇష్టమొచ్చినట్టు అల్లుకునే కథ కాదురా" అనేది. ఆ మాట అన్నాక మాత్రం బోర్డు వైపు తిరిగి, అవసరం లేకపోయినా ఏదో ఒకటి చెరిపేది. ఎందుకంటే తన వంశం చరిత్రను ఆమె తన ఇష్టమొచ్చినట్టే అల్లుకుంది.

అసలు జరిగింది ఆమెకు చిన్నప్పుడే తెలుసు. నాయనమ్మ చెప్పింది. తాతకు తాత పేరు సిమ్మన్న. చీపురుపల్లి దగ్గర పల్లె. వానల్లేక కాలం చెడిన ఏడు, పెళ్ళాన్ని వెంటబెట్టుకుని, దొరలు చికాకోల్ అని పిలుచుకునే ఈ ఊరికి నడిచి వచ్చాడు. ఊళ్ళో అప్పటికి కలరా గత్తర. దొరల బంగళాల్లోనూ రోజుకొకరు పోతున్నారు. పీనుగను ముట్టేవాడు లేడు, గొయ్యి తీసేవాడు లేడు. సిమ్మన్న పార పట్టుకున్నాడు. గత్తర పోయాక కూడా ఆ పని అతనికే మిగిలిపోయింది. పాదిరీగారు సమాధుల తోట వెనక పాక వేయించి ఇచ్చారు. బాప్తిస్మం తీసుకుని సిమ్మన్న సైమన్ అయ్యాడు.

అతనికి ఇద్దరు కొడుకులు. మిషన్ బడి హాస్టల్లో ఒక్కరికే చోటుందన్నారు. పెద్దవాడు దానియేలు బడికి వెళ్ళాడు. చిన్నవాడు యాకోబు తండ్రి పక్కన గోతిలోకి దిగాడు. దానియేలు మాస్టరయ్యాడు. అతని కొడుకు మాస్టరు, మనవడు సత్యానందం మాస్టరు, ఆ సత్యానందం కూతురే మెర్సీ. యాకోబు పిల్లలు, వాళ్ళ పిల్లలు గోతులు తీస్తూనే ఉండిపోయారు. ఆ కొమ్మలో మెర్సీ తరంవాడు గురువులు. మెర్సీ కంటే నాలుగేళ్ళు చిన్న. చిన్నప్పుడు క్రిస్మస్‌కు రెండు ఇళ్ళవాళ్ళూ కలిసి తినేవారు. గురువులు తల్లి తేగలు కాల్చి తెచ్చేది. వాడు సొంత అక్కను పిలిచినట్టే "అప్పా, అప్పా" అంటూ మెర్సీ వెనకాలే తిరిగేవాడు.

అబద్ధం విజయనగరంలో పుట్టింది. మెర్సీకి ఇరవై ఏళ్ళు, టీచర్ ట్రైనింగ్. హాస్టల్ గదిలో తోడు జ్ఞానాంబ అని, తరతరాలుగా గుడిలో సంగీత సేవ చేసిన ఇంటి పిల్ల. మంచిది. ఒక సాయంత్రం తల దువ్వుకుంటూ తన పూర్వీకుల పేర్లు ఏడు తరాలు గుక్క తిప్పుకోకుండా చెప్పింది. ఎవరు వీణ, ఎవరు గాత్రం, ఎవరు ఎవరి శిష్యులు, అన్నీ. చెప్పి, ఏ కల్మషమూ లేకుండా అడిగింది.

"మరి మీవాళ్ళో? మొదట ఈ ఊళ్ళకి వచ్చినాయన ఏం చేసేవారు?"

మెర్సీ నోట్లో గొయ్యి అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. బయటికి మాత్రం వేరే వచ్చింది.

"మున్షీ. దొరలకు తెలుగు నేర్పేవారు."

"అబ్బ! అదీ విద్యే కదూ!" అని జ్ఞానాంబ సంబరపడింది. అంతే. అనేసరికి ఎంత తేలికైపోయిందో మెర్సీకే ఆశ్చర్యం వేసింది. ఆ రాత్రి నిద్రపట్టలేదు గానీ మర్నాడు దిద్దుకోనూ లేదు.

తర్వాత మున్షీ సైమన్ తనంతట తనే పెరిగాడు. మెర్సీకి పెళ్ళి సంబంధం వచ్చినప్పుడు, వరుడు ఫిన్నీ తరఫువాళ్ళకు ఈ కథ ముందే అందింది. వాళ్ళది డాక్టర్ల కుటుంబం. "మున్షీగారి వంశమట" అని మెచ్చుకున్నారు. సత్యానందం మాస్టరు ఆ మాట విని కూతురి మొహంలోకి ఒకసారి చూశాడు. ఏమీ అనలేదు. ఆ చూపు మెర్సీకి ఇప్పటికీ గుర్తే. ఆ ఏటి నుంచి క్రిస్మస్‌కు గురువులు ఇంటికి కబురు వెళ్ళలేదు.

సత్యానందం మాస్టరు పోయిననాడు గొయ్యి తీసింది గురువులే. పెట్టె దించాక, పాస్టరుగారు పిలవకుండానే ముందుకొచ్చి, గుప్పెడు మన్ను తీసుకుని, "ఎల్లిపోతన్నావా పెదనాన్నా" అని ఏడుస్తూ వేశాడు. ఒళ్ళంతా ఎర్రమట్టి, భుజం మీద తడి తువ్వాలు. మెర్సీ అత్తగారు గొడుగు కింద నుంచి అడిగింది.

"ఎవరమ్మా అతను? పెదనాన్న అంటున్నాడు?"

మెర్సీ తల తిప్పకుండా చెప్పింది. "గోతులు తీసేవాడండీ. వాళ్ళు అందరినీ అలాగే పిలుస్తారు."

గురువులు మూడడుగుల దూరంలో ఉన్నాడు. విన్నాడు. చేతికున్న మన్ను పంచెకు తుడుచుకున్నాడు. గొయ్యి పూడ్చి, మట్టి సరిచేసి, పారా గునపం భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. పని సగంలో వదల్లేదు. అదే మెర్సీని ఎక్కువ కోసింది.

మళ్ళీ అతను అప్పా అనలేదు. బజారులో ఎదురైతే "బాగున్నారా టీచరమ్మగారూ" అని పక్కకు జరిగేవాడు. ఫిన్నీ పోయినప్పుడు కూడా అతనే గొయ్యి తీశాడు. కొలత కోసం ఇంటికి వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు. లోపలికి రమ్మని మెర్సీ అనాలనుకుంది. బంధువులు ఉన్నారు. అనలేదు. మూడేళ్ళ కిందట గురువులు గుండె ఆగి పోయాడని తెలిసినప్పుడు, ఒంట్లో బాగాలేదని చెప్పి ఇంట్లోనే ఉండిపోయింది.

ఇప్పుడు చర్చికి నూట పాతికేళ్ళ జూబిలీ వచ్చింది. కమిటీ కార్యదర్శి మెర్సీ అన్న కొడుకు బాబీ, మున్షీ కథ వింటూ పెరిగినవాడే. సావనీరు వేస్తున్నారు. అందులో 'మున్షీ సైమన్: మన ఊరి తొలి విశ్వాసి' అని రెండు పేజీలు. సమాధి దగ్గర పాలరాయి కూడా పెట్టాలని తీర్మానించారు. తీరా చూస్తే సమాధి ఎక్కడుందో ఎవరికీ తెలియదు.

"గురువులు పెళ్ళానికి తెలుసంట అత్తా. నువ్వూ రా, నీకన్నా ఎవరికి తెలుసు ఆయన గురించి" అని బాబీ కారులో ఎక్కించుకున్నాడు.

సమాధుల తోట గేటు దగ్గర గురువులు భార్య కూర్మమ్మ నిలబడి ఉంది. జుట్టు పూర్తిగా నెరిసింది. మెర్సీని చూసి కొంగు సర్దుకుంది. నవ్వలేదు.

"అమ్మా, మున్షీ సైమన్‌గారి సమాధి మీకు తెలుసంటగా?" అన్నాడు బాబీ.

"ఏ మున్సీ నాయినా?"

అని, మెర్సీ వైపు చూసింది. మెర్సీ తన చెప్పుల మీద పడ్డ ఎండుటాకును చూస్తోంది. కూర్మమ్మ గేటు గడియ తీసింది.

"సైమను తాత గొయ్యయితే ఎరుగుదును. రాండి."

గోడ మూలకు, తుమ్మచెట్టు దాటి తీసుకెళ్ళింది. రాయి లేదు, శిలువ లేదు. నేల మాత్రం కాస్త గుంటబడి ఉంది. "ఇది తాత. పక్కన ఆయన పెళ్ళాం. ఈ కాడ యాకోబు తాత. మా మావ మా ఆయనకి సూపించినాడు. మా ఆయన నాకూ మా కొడుకు దరమేంద్రకీ సూపించినాడు. ఏటేటా గడ్డి పీకుతాం."

"యాకోబు ఎవరు? మున్షీగారికి దానియేలుగారు ఒక్కరే కొడుకు కదా?" అని బాబీ కాగితాలు తిప్పాడు.

"ఆ యిసయం టీచరమ్మగారిని అడుగు నాయినా. సదువుకున్నోలు. నానేటి సెప్పగల్ను?"

కూర్మమ్మ ఒక్క మాట అంటే అక్కడే బయటపడేది. అనలేదు. మెర్సీ పరువును చేతిలో పెట్టుకుని, భద్రంగా తిరిగి మెర్సీకే ఇచ్చేసింది. దానికి మెర్సీ ఏం చేసింది? "ఎండగా ఉంది బాబీ, తర్వాత చెప్తాను" అంది. కారెక్కేదాకా వెనక్కి తిరిగి చూడలేకపోయింది. రెండోసారి కూడా అదే పని చేశానని కారులో కూర్చున్నాక తెలిసింది. ఈసారి గొడుగు పట్టుకున్న అత్తగారు కూడా లేదు. ఎవరికి భయపడిందో తనకే తెలియలేదు.

నాలుగో రోజున బాబీని పిలిచి అంతా చెప్పింది. మున్షీ లేడని, గోతులు తీసిన సిమ్మన్న ఉన్నాడని, కూర్మమ్మవాళ్ళు మనవాళ్ళేనని. బాబీ ముందు నవ్వాడు, తర్వాత ఎర్రబడ్డాడు.

"ఇప్పుడెవరడిగారత్తా? సావనీరు ప్రెస్సులో ఉంది. మా బేబీ ఈ కథే స్కూల్లో చెప్పి ప్రైజు తెచ్చుకుంది. దానికేం చెప్పమంటావు? మీ మామ్మ అబద్ధమాడిందనా?"

"అదే చెప్పు" అంది మెర్సీ.

అతను తలుపు గట్టిగా వేసి వెళ్ళిపోయాడు.

ఆదివారం ఆరాధనలో సాక్ష్యాల వేళ మెర్సీ లేచింది. వేలమంది పిల్లల ముందు మాట్లాడిన గొంతు పీలగా వచ్చింది. తాత పని చెప్పింది, తను కల్పించిన పని చెప్పింది. తండ్రి గొయ్యి దగ్గర తమ్ముడిని తమ్ముడు కాదన్న మాట, ఆనాడు అన్నది అన్నట్టుగా చెప్పింది. వెనక వరుసలో ఎవరో దగ్గారు. పాస్టరుగారు గబగబా ప్రార్థన చేసి పాట మొదలుపెట్టించారు. బయటికొచ్చాక ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు చేతులు పట్టుకుని, "ఎంత తగ్గింపు మనసు టీచరుగారూ మీది!" అని మెచ్చుకున్నారు. ఆ మెప్పుకు మెర్సీకి చెవులు కాలిపోయాయి. దీన్ని కూడా తన ఖాతాలో గొప్పగానే వేస్తున్నారు. చెయ్యి విడిపించుకుని తిన్నగా కూర్మమ్మ ఇంటికి నడిచింది.

కూర్మమ్మ వీధి అరుగు మీద గోంగూర వలుస్తోంది.

"ఈరోజు చర్చిలో చెప్పాను కూర్మమ్మా."

"ఇన్నాను. దరమేంద్ర ఒచ్చి సెప్పినాడు." ఆకు మీంచి చూపు ఎత్తలేదు. "ఆ దినం మా ఆయన తోటనుంచి ఒచ్చి, తానం సేసి, కూడు తినకుండా తొంగున్నాడు. ఏటయ్యిందంటే, 'మా అప్ప నన్ను ఎరగనన్నాది' అన్నాడు. అదొక్కటే. బతికున్నన్నాల్లూ మల్లీ ఆ మాట ఎత్తనేదు. నువ్వు ఇప్పుడు ఊరందరికీ సెప్పినావు. ఇనవలసినోడు ఎల్లిపోనాడు."

మెర్సీ నిలబడే ఉంది. "నన్ను క్షమించమని..."

"నన్నడిగితే నానేటి సెప్పగల్ను? ఆ మాట అన్నది నన్ను కాదు గదా."

కోపంగా అనలేదు. ఉన్న మాట అన్నట్టు అంది. కాసేపటికి పక్కనున్న కట్ట కాస్త జరిపింది. "ఎండన పడి ఒచ్చినావు. కూకో." మెర్సీ కూర్చుని గోంగూర వలిచింది.

జనవరిలో రాయి వచ్చింది. మున్షీ అన్న మాట తీసేయడానికి కమిటీ ఒప్పుకుంది. గోతులు తీసేవాడని చెక్కించడానికి మాత్రం ఒప్పుకోలేదు. "పాలరాయి మీద అదేం బాగుంటుంది టీచరుగారూ" అన్నారు. మెర్సీ రెండు మీటింగుల్లో పోట్లాడింది. మూడో మీటింగుకు ఆమెను పిలవలేదు. యాకోబు పేరు మాత్రం దానియేలు పేరు పక్కన ఎక్కించగలిగింది.

రాయి నిలిపిన మర్నాడు కూర్మమ్మను తీసుకుని వెళ్ళింది. కూర్మమ్మకు చదువు రాదు. చెయ్యి పెట్టి అక్షరాలు తడుముతూ, "సదువు, ఏటి రాసినారో" అంది.

మెర్సీ చదివింది. "సిమ్మన్న అనే సైమన్. సంఘ సేవకుడు. కుమారులు దానియేలు, యాకోబు."

"గోతులు తీసినాడని ఉన్నాదా?"

ఉందనడం ఎంత తేలిక. ఆ మాట మెర్సీ నాలుక మీదికి వచ్చేసింది కూడా.

"లేదు. నేను అడిగాను. రాయలేదు."

"నేదా" అంది కూర్మమ్మ. రాతి మీది నుంచి చెయ్యి తీసింది. తర్వాత వంగి, రాయి నిలిపినవాళ్ళు తొక్కేసిన మట్టిని రెండు చేతులతో దగ్గరికి లాగి సరిచెయ్యడం మొదలుపెట్టింది. మెర్సీ కూడా చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని అవతలి వైపు కూర్చుంది.