నిలబెట్టమన్న గడియారం

నేను నా జీవితంలో చాలా వస్తువులు చెడగొట్టాను. మా ఇంటి మిక్సీ, మా బావమరిది స్కూటరు, ఒకసారి పెళ్లివారి మైకు. వాళ్లంతా నాలుగు తిట్లు తిట్టి వదిలేశారు. కానీ ఎమ్మిగనూరులో ఒక గడియారాన్ని బాగుచేశాను చూడండీ, ఆ పాపం మాత్రం ఇంకా నన్ను వదల్లేదు. మీరు సరిగ్గానే చదివారు. చెడగొట్టలేదు, బాగుచేశాను. నవ్వొస్తే మొహమాటపడకండి. నేనూ నవ్వుతూనే మొదలుపెడుతున్నాను, చివరిదాకా నవ్వగలనో లేదో చెప్పలేను.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. ఆదోనిలో సెల్‌ఫోన్లు రిపేరు చేసే చిన్న అంగడి. పగిలిన అద్దాలు మార్చీ మార్చీ విసుగొచ్చి పాత గడియారాల మీద పడ్డాను. గురువు లేని విద్య గుడ్డి విద్య అంటారు. నాకు గురువులు నలభై మంది, అందరూ ఫోను వీడియోల్లోనే, అందరూ నాకు తెలియని భాషలోనే. మూడు గడియారాలు విప్పాను, రెండు నడిచాయి. ఇంకేం, బోర్డు మీద 'పురాతన గడియారముల వైద్యుడు బాషా' అని రాయించేశాను. మూడో గడియారం సంగతి దయచేసి అడక్కండి.

ఒక శుక్రవారం పొద్దున ఎమ్మిగనూరు నుంచి నాగమ్మవ్వ ఫోను చేసింది. ఆమె భర్త ఈరన్న తాత ఆదోనిలో ఒక పత్తి జిన్నింగు మిల్లులో పనిచేసినవాడు. మిల్లు మూసేసిన రోజు ఆఫీసు గడియారాన్ని అడిగి తెచ్చుకున్నాడట. వెనకటి ఇంగ్లీషు సరుకు, అల్మారా మీద కూర్చోబెట్టేది, పావుగంటకోసారి పాట పాడి గంట గంటకూ గంటలు కొట్టేది. తాత సెల్‌ఫోనుకు అద్దం వేసింది నేనే కాబట్టి నా నంబరు ఆ ఇంట్లో ఉంది. ఆ తాత రెండు రోజుల కిందటే, బుధవారం పోయాడు.

"నాయనా, మా గడియారం నిలబెట్టల్లప్పా. బిన్నా రా."

"వస్తాండా అవ్వా, ఇప్పుడే బస్సెక్కుతా!"

ఇక్కడ మీరు నా మీద కొంచెం జాలిపడాలి. మా సీమలో బస్సు ఆపమన్నా 'నిలబెట్టు' అంటాం. కూలిపోతున్న సంసారాన్ని ఆదుకున్న మనిషినీ 'నిలబెట్టినాడు' అంటాం. మాట ఒకటే. అవ్వ మొదటిది చెప్పింది. వైద్యుడు బాషా రెండోది విన్నాడు.

నేను వెళ్లేసరికి ఇంటి నిండా మనుషులు. తాత తువ్వాలు ఇంకా కొయ్యకే వేలాడుతోంది. సరిగ్గా పదకొండైంది. గడియారం పాట మొదలుపెట్టి సగంలో నత్తికొట్టి, ఏడు గంటలు కొట్టి ఊరుకుంది. మొదటి రోగి దొరికిన కొత్త డాక్టరులా నాకు సంతోషం వచ్చేసింది. చావు ఇంట్లో సంతోషపడిన వెధవను నేనొక్కడినే.

"నిలబడతాదా నాయనా?" అవ్వ నా చెయ్యి పట్టుకుంది.

"నిలబడక యాడికి పోతాదవ్వా? నా చేతిలో పడినాక నూరేండ్లు నిలబడతాది!"

"సోమారం లోపల నిలబెట్టల్ల. మీ తాత నన్ను దాని పక్కకే రానీలేదు. వేలు పెడితే సెడిపోతాదనె. నాకు భయమప్పా."

"ఆదోనికి తీస్కపోవల్ల. విప్పి సూడల్ల."

"అంత పనుందా?"

"ఇదేమన్నా మామూలు పనా అవ్వా!"

సోమవారం లోపలే ఎందుకో అడగాలి కదా. అడగలేదు. ఏదో కర్మ ఉంటుందనుకున్నాను. అవ్వ లోపలికి పోయినప్పుడు లోలకం తీసి జేబులో వేసుకుని, చక్రాలు పరుగెత్తకుండా కాగితం మడిచి అడ్డం పెట్టాను. టక్కున ఆగింది. అవ్వ చెప్పిన పని అక్కడికి పూర్తయిపోయింది. కానీ ఆమె ఆపమందని తెలియని మహానుభావుడు దాన్ని తాత తువ్వాల్లో చుట్టి, చంకనెత్తుకుని బస్సెక్కాడు.

"పాపనా అప్పా? మొగం మీద గుడ్డ తీయి, ఊపిరాడాల," అన్నాడు కండక్టరు.

"పాప కాదన్నా, గడియారం."

"అయితే టైమెంత?"

బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను.

గడియారం విప్పే ముందు స్ప్రింగుల్లో ఉన్న బిగువు వదిలేయాలి. మనం కీ ఇచ్చినప్పుడు చుట్టుకునేది ఆ బిగువే, గడియారాన్ని నడిపేదీ అదే. వదలకుండా విప్పామా, స్ప్రింగు ఎగిరి వేళ్లు కోసేస్తుంది. నలభై మంది గురువులూ ఒక్కటిగా చెప్పిన పాఠం ఇదొక్కటే. కీ పట్టుకుని కొంచెం కొంచెంగా వెనక్కి వదిలాను. కిర్రు కిర్రుమంటూ నా అరచేతిలోనే బిగువంతా పోయింది. శభాష్ బాషా అనుకున్నాను.

తర్వాత నూనె. గడియారాల నూనె ఆదోనిలో యాడ దొరుకుతుంది? మా ఊళ్లో నూనె అంటే శనగనూనె. ధారాళంగా వేశాను. తెల్లారేసరికి చీమలు బారులు తీరి పన్నెండో అంకె మీదుగా లోపలికి పోతున్నాయి.

"ఏమండీ, వడలు కూడా వేయమంటారా దాంట్లో?" అంది మా ఆవిడ.

మళ్లీ అంతా పెట్రోలుతో కడిగాను. కర్నూలు నుంచి అసలు నూనె తెప్పించాను. వంగిన పళ్లు సరిచేశాను, పాట కొట్టే సుత్తులకు కొత్త తోలు అంటించాను. బిగించాక రెండు మరలు మిగిలితే మళ్లీ విప్పి వాటి చోటు వెతికాను. వినాయకుడిని చేయబోతే కోతి అయిందంటారు. నాకు వినాయకుడే వచ్చాడు, అదే కొంప ముంచింది. ఆదివారం మధ్యాహ్నానికి మూడు స్ప్రింగులకూ గొంతుదాకా కీ ఇచ్చి, సోమవారం లోపల అన్న మాట నిలబెట్టుకోవడానికి ఎమ్మిగనూరు చేరాను.

అల్మారా మీద పెట్టి లోలకం తగిలించాను. టిక్కు టిక్కుమంది. పాట ఒక్క స్వరం తప్పకుండా పాడింది. నాలుగు గంటలకు నాలుగే కొట్టింది. మెప్పు కోసం అవ్వ వైపు తిరిగాను.

ఆమె గోడ పట్టుకుంది.

"ఇదేంది నాయనా, నడుస్తాంది?"

"నడవదా మరి! నిలబెట్టినా కదవ్వా!"

"నిలబెట్టమంటే నడిపిస్తివేమప్పా!" అవ్వ చతికిలబడింది. "సోమారం పొద్దున మీ తాతే కీ ఇచ్చినాడు. ఎప్పుడిచ్చినా మళ్లా సోమారం దాకా వచ్చేది. బుధవారం ఆయప్ప పాయ. దీంట్లో మాత్రం ఆయప్ప చెయ్యి ఇంకా నడుస్తానే ఉండె. అది అయిపోకముందే నిలబెట్టుకుంటే, ఉన్నంతైనా నాకు మిగులుతాదనుకుంటి." కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "ఇంకా మూడు దినాలుండె కదా నాయనా. ఆ మూడు దినాలు యాడ పెట్టినావు?"

నా అరచేతిలో కిర్రుమంటూ పోయింది ఏమిటో అప్పుడు తెలిసింది నాకు. ఏడుపొచ్చింది. నిజంగానే ఏడ్చాను, ఇరవై ఆరేళ్ల మగాడిని, పదిమంది ముందు. ఏం చేయాలో తెలియక గబగబా గడియారం తలుపు తీసి లోలకానికి వేలు అడ్డం పెట్టాను. ఆగిపోయింది.

అవ్వ తలెత్తి చూసింది.

"ఇంతేనా? వేలు పెడితే నిలబడుతుండెనా?"

"ఇంతే అవ్వా."

"ఓరి నీ... నలభై ఏండ్లు నన్ను ముట్టనీలేదు కదా ఆ బడాయి మనిషి! నేనే పెట్టుకుంటుంటినే!" అంటూ నవ్వింది. నవ్వి నవ్వి మళ్లీ ఏడ్చింది. ఎవరి మీద కోపమో, నా మీదో తాత మీదో, ఆమెకే తెలిసినట్టు లేదు. క్షమించమన్నాను. ఆమె నా తల నిమిరింది. తిట్టి ఉంటే బాగుండేది.

"ఇప్పుడు దీంట్లో ఉండేది నీ చెయ్యి. నీ చెయ్యి పెట్టుకుని నేనేం జేసుకోవల్ల నాయనా?" అంది మెల్లగా.

నా చెయ్యి తీసి జేబులో దాచుకున్నాను.

కాబట్టి పాఠకులారా, నా స్క్రూడ్రైవరు మీద ఒట్టేసి, మిగిలిపోయిన మరలన్నీ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎవరు పాత గడియారం తెచ్చినా, దాని రోగమేమిటని అడగను. చివరిసారి కీ ఇచ్చింది ఎవరు, ఆ మనిషి ఉన్నాడా అని అడుగుతాను. ఉన్నాడంటే విప్పుతాను. లేడంటే, అది మధ్యాహ్నం పన్నెండుకు ఒక్కటే కొట్టనీ, ఒంటిగంటకు నలభై కొట్టనీ, నా పది వేళ్లూ జేబుల్లో పెట్టుకుని కూర్చుంటాను.