పేతురు ఇంటిబండి నంబరు ప్లేటు

సరూర్‌నగర్ మెకానిక్ పేతురుకి ఒకటే పిచ్చి. ఇంటిల్లిపాదీ ఎక్కే వ్యాను రేసుకారులా దూసుకుపోవాలి. విన్నవాళ్లంతా నవ్వారు, పట్టాభి తప్ప. గుంటూరు నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటరులో డ్రాయింగ్ చెప్పుకునే ఆ పంతులు, ఏకంగా తన పాత వ్యానునే తెచ్చి పేతురు షెడ్డులో పెట్టాడు. యాక్సిడెంటైన విదేశీ కారు ఇంజను దాని వెనక సీటు కింద ఇరికించడానికి ఇద్దరికీ మూడేళ్లు పట్టింది.

పేతురు భార్య ఎలీశమ్మ స్పీడుకు మురిసే మనిషి కాదు. అత్త కాళ్లు చాపుకోవాలంది, బియ్యం బస్తా పట్టాలంది. రెండుసార్లు సీట్లు ఊడదీయించింది. ఇంజను వేడికి వెనక సీటు పెనంలా కాలుతోందని మూడోసారీ ఊడదీయించింది. నిజం చెప్పాలంటే ఆ బండికి అసలు ఇంజనీరు ఆవిడే.

రెండువేల పదకొండులో ఎవరో సొంతంగా చేసుకున్న కార్లకు పోటీ పెట్టారు. నాదర్‌గుల్ దగ్గర ఒక ఇళ్ల స్థలాల వెంచరు రోడ్డు మీద, ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని పరుగు చూపించాలి. మూడేళ్ల కష్టానికి దొరికిన ఒకే ఒక్క అవకాశం. తీరా ఆ రోజే ఎల్బీనగర్ చౌరస్తాలో తెలంగాణ కోసం వంటావార్పు. నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి వండుకు తింటారు, బండ్లు కదలనివ్వరు.

పొద్దున్నే పేతురు నంబరు ప్లేటు మీది ఏపీని పెయింటుతో కప్పి టీజీ అని రాశాడు. అప్పట్లో చాలా బండ్లకు అదే రాత. దారి ఇస్తారని ఒక్కటే కాదు, ఎన్నాళ్లుగానో అతనికి ఆ కోరిక ఉంది. ఆ సంతోషంలో బండి కాగితాల సంగతి గుర్తే రాలేదు. పట్టాభి చూశాడు, ఏమీ అనలేదు. అనకపోవడమే పేతురుకి గుచ్చుకుంది.

చౌరస్తాలో కుర్రాళ్లు టీజీ చూసి దారి ఇచ్చారు, విస్తరాకుల్లో పులిహోర కూడా పెట్టారు. నోరు విప్పితే యాస బయటపడుతుందని పట్టాభి తల వంచుకుని తిన్నాడు. ఈయనెవరని అడిగితే, మా అన్న అన్నాడు పేతురు.

వెంచరు దగ్గర పోటీ పెద్దమనిషి కాగితాలు చూశాడు, ప్లేటు చూశాడు. కాగితంలో ఉన్న నంబరే బండి మీద లేకపోతే పరుగు లేదన్నాడు. పట్టాభి గుడ్డ తీసి పెట్రోలులో ముంచాడు. పేతురు అతని చెయ్యి పట్టుకున్నాడు.

"నువ్వు తుడ్వకు సారూ. నువ్వు తుడిస్తే నేను సచ్చేదాంక మర్సిపోను. నేనే తుడుస్త."

తుడిచాడు. తుడుస్తూ ఏడ్చాడు.

తర్వాత పిల్లాపెద్దా ఏడుగురితో, బియ్యం బస్తాతో ఆ వ్యాను ఎలా పరిగెత్తిందంటే, పేతురు తల్లి కళ్లు మూసుకుని దేవుణ్ణి తలుచుకుంది. ఆగాక ఎలీశమ్మ ముందు బస్తా వైపు చూసింది. పెట్టినచోటే ఉంది. పెద్దమనిషి మొదటి బహుమతికి వీళ్ల పేర్లే రాసుకున్నాడు.

బయల్దేరబోతుంటే పట్టాభి పెయింటు డబ్బా అడిగాడు. పేతురు మనసు చివుక్కుమంది. చౌరస్తాల ఆపుతరని భయమా సారూ అన్నాడు.

"భయం లేదని ఎందుకంటాను? ఉంది. కానీ నువ్వు తుడిచావు కదా పేతురూ, ఇప్పుడు రాయాల్సింది నేను."

ప్లేటు ముందు గొంతుక్కూర్చుని టీజీ అని రాశాడు. డ్రాయింగు పంతులు చెయ్యి కదా, పేతురు రాసినదానికంటే అందంగా వచ్చింది.