మండీకీ బెంగళూరుకీ మధ్య

నా భార్య పోయిన నెల చనిపోయింది. పొద్దున ఛాతీలో నొప్పి అన్నది. ఎమ్మిగనూరు నుంచి కర్నూలుకు తీసుకుపోతుండగా కోడుమూరు దాటాక మాట ఆగిపోయింది. ఆదోని పత్తి మండీలో చాలామందికి ఈ వార్త తెలుసు. మరునాడు వేలం అయ్యాక కొందరు దుకాణాలవాళ్ళు వచ్చి, కాసేపు కూర్చుని వెళ్ళారు. తెలియనివారి కోసం ఇది రాస్తున్నాను.

ఆమె సాఫ్ట్‌వేర్ కన్సల్టెంటు. వ్యాపారం చేసేవాళ్ళకు ఏం కావాలో కనుక్కుని ప్రోగ్రాములు రాసేవాళ్ళకు అర్థమయ్యేట్టు చెప్పేది. వాళ్ళు ఏం చేయగలరో ఇటువైపు చెప్పేది. నేను పాఠాలు చెప్పే కాలేజీలో ఎవరైనా అడిగితే ఇంత వివరించడం నాకు కష్టంగా ఉండేది. ఒకసారి ఆమెనే అడిగాను. "రెండిళ్ళ మధ్య పెండ్లి మాటలు నడిపే పని రీ," అన్నది. "కుదిరితే వాళ్ళ మంచితనం. కుదరకపోతే నా తప్పు." ఆమె పుట్టిల్లు కర్ణాటక సరిహద్దులోని హొళగుంద, ఇంట్లో కన్నడం. కన్నడ ఇళ్ళలో భర్తను పిలిచినట్టు నన్ను చివరిదాకా 'రీ' అనే పిలిచింది.

పెళ్ళయ్యాక చాలా ఏళ్ళు ఆమె ఉద్యోగం బెంగళూరులో, నాది ఎమ్మిగనూరులో. మాకు పిల్లలు లేరు. శనివారం పొద్దున ఆదోనిలో రైలు దిగేది, ఆదివారం సాయంత్రం ఎక్కేది. ఆమె సంచి సర్దుకునేటప్పుడు నేను వీధిలోకి వచ్చి నిలబడేవాణ్ణి. ఒక ఆదివారం సర్దడం సగంలో ఆపి, "ఇంగా ఎన్నాళ్ళు ఇట్లా బతుకుదామంటారు?" అని అడిగింది.

ఆదోనిలో రైతుల పత్తిని వేలంలో అమ్మిపెట్టే ఒక శావుకారు తన దుకాణానికి కంప్యూటరు ఏర్పాటు చేయమని అప్పటికే అడిగి ఉన్నాడు. ఆమె ఆ సీజనంతా కంపెనీలో సెలవు పెట్టింది. ఆ ఒక్క దుకాణంలో పని నిలబడితే పక్కవాళ్ళూ వస్తారు, ఆమె ఇక్కడే ఉండిపోవచ్చు. నిలబడకపోతే మళ్ళీ వారానికోసారి రైలే. ఇద్దరికీ తెలిసిన ఈ సంగతిని ఇద్దరం పైకి అనలేదు.

మొదటి వారం ఆమె లాప్‌టాప్ బయటికి తీయలేదు. పత్తి కుప్పల మధ్య పీట వేసుకుని కూర్చున్నది. రైతు బండి దిగినప్పటి నుంచి అమ్మకం చీటీ తీసుకుని పోయేదాకా ఎవరు ఎవరితో ఏమంటారో విన్నది. కొనేవాళ్ళు కుప్పలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి, లోపలి పత్తి తీసి పోగు లాగి చూస్తుంటే తనూ లాగి చూసేది. ఇంటికి వచ్చేసరికి జడలో దూది ఉండేది. "అడిగింది రాసుకుంటే సగమే వస్తాది. ఎందుకు అడిగినారో ఆడ కూర్చుంటేనే తెలుస్తాది," అనేది.

అంత చూసినా తప్పు జరిగింది. పత్తి అమ్ముడుపోగానే రైతు ఫోనుకు ధర, తూకం మెసేజి పోవాలి. పని మొదలైన రోజే ఆస్పరి వైపు నుంచి ఒక రైతు తన ఫోనుకు వచ్చిన మెసేజి పట్టుకుని, బస్సెక్కి దుకాణానికి వచ్చాడు. ఆ వారం నేనూ సెలవు పెట్టి అక్కడే ఉన్నాను.

"నా పత్తి ఇంగా ఇంట్లోనే ఉండాది సామీ. ఎవురు అమ్మినారు?"

గుమస్తా పేరు అడిగాడు.

"ఈరన్న."

"యా ఈరన్న?"

"అది తెలిస్తే ఈ పంచాయితీ ఎందుకప్పా? మా ఊర్లో ఈరన్నా అని పిలిస్తే బస్సే నిలబడ్తాది. డ్రైవరూ ఈరన్నే."

అందరూ నవ్వారు. శావుకారు నవ్వలేదు. "అమ్మా, నేను నోటితో పిలిస్తే ఎప్పుడూ వేరే మనిషి రాలేదు. నీ పెట్టె పిలిస్తే వచ్చినాడు సూడు. శనివారం దాకా సూస్తా. ఆపైన తీసేద్దాం," అన్నాడు.

బెంగళూరు నుంచి ఆమెకు ఆ దుకాణం ప్రోగ్రాము రాసిపెట్టినాయనది గుంటూరు వైపు. ఆమె అక్కడే నిలబడి ఫోను చేసింది.

"తండ్రి పేరు కూడా పెడదాం మేడం."

"తండ్రీ ఈరన్నే."

"ఫోన్ నంబరుంటుంది కదండీ."

"ఇంటికొకటే ఫోను. ఎవరు బయటికి పోతే వాళ్ళ జేబులో ఉంటుంది."

"మరి మండీలో ఎలా గుర్తుపడతారండీ?"

"ఎనుముల ఈరన్న, బొంబాయి ఈరన్న, నత్తి ఈరన్న."

"అదే పెట్టేద్దాం మేడం," అన్నాడు.

పెట్టారు. మెసేజీలు ఎవరివి వాళ్ళకు పోయాయి. అయితే ఆ పిలుపు చీటీ మీద కూడా అచ్చయింది. శుక్రవారం నత్తి ఉన్న ఆ రైతు తన చీటీ చదువుకుని, జేబులో పెట్టుకోకుండా బల్ల మీద పెట్టాడు. "నోటితో అంటే పోనీలే అనుకుంటానమ్మా. ఇ... ఇది నా కూతురు సదువుతాది."

గడువు మరుసటి రోజే. ఆమె ఆయనకు బెంచీ మీద చోటిచ్చి, పక్కన కూర్చుని అడిగింది.

"నిన్ను ఏమని రాయమంటావన్నా?"

ఆయన చాలాసేపు ఆలోచించాడు. "బా... బావి ఈరన్న. మా సేన్లో బావి నేనే తవ్వినా."

శనివారం వచ్చిన ప్రతి బండి దగ్గరికీ పోయి ఆమె అదే ప్రశ్న అడిగింది. హొళగుంద వైపు వాళ్ళను కన్నడంలో అడిగింది. ఒకాయన పులి ఈరన్న అని రాయమన్నాడు.

"ఎనుముల ఈరన్న పులి ఎప్పుడైనాడప్పా?" అన్నాడు పక్కబండి ఆయన.

"నిన్నడిగినాదా అమ్మ? నన్నడిగినాది."

శావుకారు దుకాణంలో తన పరుపు మీద కూర్చుని అంతా చూస్తున్నాడు. మండీ ఖాళీ అయ్యాక ఆమెను పిలిచాడు. నేను గోడ పక్కన నిలబడి ఉన్నాను. "పులులయినాయి, బావులయినాయి. ఇంగ తీసేస్తే వీళ్ళు నన్ను బతకనియ్యరు. పక్క దుకాణమాయన నిన్నడుగుతాండాడు, పోయి కనపడు," అన్నాడు.

ఆమె బెంగళూరు గది ఖాళీ చేసి వచ్చింది. ముందు గదిలో నా బల్ల పక్కన ఆమె బల్ల వేశాం. నేను పేపర్లు దిద్దుతుంటే ఆమె ఒక ఫోనులో మండీతో, ఇంకో ఫోనులో ప్రోగ్రాములవాళ్ళతో మాట్లాడేది. ఎవరితో మాట్లాడితే వాళ్ళ యాస వచ్చేది. వాదన ముదిరితే లేచి నిలబడేది. టీ చల్లారేది. నేను తీసుకుపోయి వేడిచేసి మళ్ళీ పెట్టేవాణ్ణి. మేం ఒకరితో ఒకరం ఎక్కువ మాట్లాడుకునేవాళ్ళం కాదు. ఒకే గదిలో ఉండేవాళ్ళం. మేం కోరుకున్నదీ అదే.

ఆమె పోయాక కూడా ఆమె ఫోను మోగింది. శావుకారు. "తడి పత్తికి మిషను తూకంలో తరుగు రెండు తూర్లు తీస్తాందప్పా. ఆ గుంటూరాయనకు సెప్పు. ఆయన మాట నాకర్థం గాదు." తర్వాత గుంటూరాయన. "సార్, తరుగు ఒక్కసారే పడుతోందండీ. ఆయనేమంటున్నారో నాకు తెలియట్లేదు. మేడం ఉంటే..." అన్నాడు.

ఇన్నేళ్ళు పక్కన కూర్చుని విన్నాను కాబట్టి ఇద్దరి మాటలూ నాకు తెలుసు. వాటిని కలపడం తెలియదు. ఇద్దరినీ ఒకే కాల్లో కలిపి, ఫోను ఆమె బల్ల మీద పెట్టి, నా కుర్చీలో కూర్చున్నాను. మొదట గొంతులు లేచాయి. తర్వాత శావుకారు, "నాయనా, మెల్లగా సెప్పు, నేనూ మెల్లగా సెప్తా," అన్నాడు. చాలాసేపు మెల్లగా మాట్లాడుకుని తరుగు సంగతి తేల్చుకున్నారు. చివర నంబర్లు ఇచ్చిపుచ్చుకున్నారు.

ఇప్పుడు వాళ్ళు నేరుగానే మాట్లాడుకుంటారట. పని బాగానే నడుస్తోందని మండీలో ఒకరు చెప్పారు. ఆ ఫోను మళ్ళీ మోగలేదు.

ఆమె బెంగళూరులో ఉన్న రోజుల్లోనూ నేను ఈ ఇంట్లో ఒంటరిగానే ఉన్నాను. ఆ ఒంటరితనానికి ఒక శనివారం ఉండేది. ఇప్పుడు శనివారం పొద్దున ఆదోనికి పోయే పత్తి ట్రాక్టర్లు మా వీధిలో వరసగా పోతాయి. దూది లేచి కిటికీ జాలీకి అంటుకుంటుంది. చివరి ట్రాక్టరు పోయాక వీధి మళ్ళీ నిశ్శబ్దమవుతుంది. నేను తర్వాతి పేపరు తీసుకుంటాను.