పున్నమి వెళ్లిన ఐదో రోజు: విశాఖ నుంచి బిర్సానగర్‌కి

నిజానికి ఈ ప్రయాణం నెల తర్వాత చేయాల్సింది. నాన్న పోయి ఏడాది అవుతోంది. తిథి ఏమిటో జంషెడ్‌పూర్‌లో ఉండే మా తమ్ముడు గౌరీశు అక్కడి పంతులుగారి చేత పోయినేడే కాగితం మీద రాయించి ఫొటో పంపాడు: పౌష్ కృష్ణ పంచమి. నేను మన క్యాలెండర్లో పుష్య బహుళ పంచమి ఎప్పుడో చూసుకుని, స్కూల్లో సెలవు చెప్పి, టికెట్టు కొని, కింది బెర్తు దొరికిందని సంబరపడ్డాను కూడా. మొన్న పొద్దున్న ఏడింటికి తమ్ముడి దగ్గరే ఉండే మా అమ్మ ఫోన్ చేసి "బయల్దేరినావా?" అని అడిగేదాకా నాకు ఏ అనుమానమూ లేదు.

"వచ్చే నెల కదమ్మా," అన్నాను.

"ఎవులు సెప్పినారు? మీ నాన పోయింది పున్నమెల్లిన ఐదో రోజు. అది రేపే."

సంగతేమిటంటే, ఉత్తరాది వాళ్ల నెల పున్నమితో ముగుస్తుంది, మనది అమావాస్యతో. పున్నమి దాటిన పదిహేను రోజులూ మనకింకా మార్గశిరమే, వాళ్లకు అప్పటికే పౌష్. రోజు ఒకటే, నెల పేరే వేరు. పెళ్లయ్యేదాకా జంషెడ్‌పూర్‌లోనే పెరిగిన నాకు ఈ ముక్క తెలియలేదంటే ఎవరిని తిట్టాలి? తమ్ముడితో ఒక్క మాట మాట్లాడి ఉంటే తేలిపోయేది. కానీ మాకు ఏడాదిగా మాటల్లేవు. నాన్న పోయిన రోజు నేను ఆరు గంటలు ఆలస్యంగా చేరాను. అప్పటికే దహనం అయిపోయింది. "అప్ప వస్తోందని తెలిసీ ఆగలేకపోయావా?" అని వాడి మొహం మీదే అడిగేశాను (మా వైపు అక్కని అప్ప అంటారు). వాడు లోపలికి వెళ్లిపోయాడు. ఈసారి కూడా నేను వెళ్లేసరికి అంతా అయిపోతే ఇక జన్మలో వాణ్ణి క్షమించనని నాకు తెలుసు. భయం వేసింది కూడా అందుకే.

అదే రోజు ప్రయాణం కాబట్టి తత్కాల్ గడువు దాటిపోయింది. చార్టు తయారయ్యాక కరెంట్ బుకింగ్‌లో ఖరగ్‌పూర్‌కి స్లీపర్ దొరికింది, నాలుగు వందల పైచిలుకు. సాయంత్రం ఐదింటికి విశాఖలో ఎక్కితే తెల్లవారి ఐదున్నరకు దిగాలి. పొగమంచు వల్ల ఏడున్నర అయింది. అక్కడి నుంచి టాటానగర్‌కి (జంషెడ్‌పూర్ స్టేషన్ పేరు అదే) ఎక్స్‌ప్రెస్‌లో జనరల్ టికెట్టు వందలోపే. రెండు గంటల చిల్లర దారి. నేను ఎక్కింది ఎనిమిదింబావుకి బయల్దేరి, ఘాట్‌శిలా దాకా బుద్ధిగా నడిచి, టాటానగర్ ఇక కనబడుతుందనగా సిగ్నల్ దగ్గర నలభై నిమిషాలు నిలబడిపోయింది. మా ఇళ్లలో ఏడూడినప్పుడు, అంటే సంవత్సరీకం రోజు, కూతురు తెచ్చిన పంచె పోయినవాళ్లకు వడ్డించిన ఆకు పక్కన పెట్టి, ఆ ఆకును పన్నెండులోపు డాబా మీద కాకులకు పెడతారు. పంచె నా ఒళ్లో ఉంది. టైము పదకొండున్నర.

స్టేషన్ బయట, తమ్ముడి ఇల్లున్న బిర్సానగర్‌కి రిజర్వ్ ఆటో రెండు వందలు. షేర్ ఆటోలు చవకే గానీ రెండు మారాలి. నేను ఫోన్లో తెలుగు మాట్లాడటం విని డ్రైవరు వెనక్కి తిరిగాడు.

"తెలుగోల్లా మేడమ్? మాదీ టెక్కలి సైడే. మా తాత వచ్చీసేడు ఇక్కడికి. మాటాడతాను గానీ సదవడం రాదు. ఏటంత జల్దీ?"

"మా నాన్న సంవత్సరీకం. పన్నెండుకి చేరాలి."

"బర్మామైన్స్ రోడ్డులో ట్రైలర్ లారీలు ఆగిపోయి ఉన్నాయి. పూరా జామ్. ట్రై సేత్తాను, గ్యారంటీ నేదు."

పాపం, సందులన్నీ తిప్పాడు. అయినా తమ్ముడి ఇంటి ముందు దిగేసరికి పన్నెండూ ఇరవై. పంతులుగారు వెళ్లిపోతూ గుమ్మంలో ఎదురయ్యారు. అంతా అయిపోయిందనుకున్నాను.

లోపల మాత్రం ఆకు అలాగే ఉంది. గారెలు, పరమాన్నం, గుమ్మడికాయ పులుసు, నాన్నకు ఇష్టమని సాక్చి బజారు నుంచి తెచ్చిన, సత్తుపిండి కూరి కాల్చిన రెండు లిట్టీలు. ఆకు ముందు మా అమ్మ కాళ్లు బార్లా చాపుకుని కూర్చుంది. తడి పంచెతో గౌరీశు గోడకి ఆనుకుని వణుకుతున్నాడు. ఆకు పైకి వెళ్లేదాకా వాడు తినకూడదు.

"పంతులు గోల సేసినాడు. నానే ఆకుని పైకి ఎల్లనివ్వనేదు. ముందు ఆ పంచె పెట్టు," అంది అమ్మ.

పెట్టాను. పెట్టి, నోరు ఊరుకోదు కదా, "పోయినేడు కూడా ఇలా ఆపి ఉంటే బాగుండేది," అన్నాను.

"ఆడ్నేటనకు. ఆడు ఆపుదామనే అన్నాడు. నానే తీసుకెల్లిపోండన్నాను."

"ఎందుకు?" అని అడిగాను.

"ముప్పయ్యేళ్లు డ్యూటీకి ఒక్క రోజు లేటవనేదు మనిసి. సిన్నప్పుడు నువ్వు బడినుంచొచ్చీదాకా ఉండమంటే ఉండీవోడా? రెండింటికి ఫేక్టరీ గేటుకాడుండాలని ఎల్లిపోయీవోడు. అలాటోడ్ని గుమ్మంలో పడుకోబెట్టి ఆరుగంటలు ఆపమంటావా? నా వల్ల కానేదు."

"మరి ఇవాళ?"

"ఇయ్యాల ఏ డ్యూటీ ఉన్నాది ఆయనికి? కూకుని తింటాడు."

ఆకు పట్టుకుని నేనూ తమ్ముడూ డాబా ఎక్కాం. కాకులు రావడానికి పది నిమిషాలు పట్టింది. ముందు లిట్టీనే ఎత్తుకుపోయింది ఒకటి. "ఏడాది పాటు నాతో ఎందుకు చెప్పలేదురా?" అని అడిగాను. వాడు కాకుల వైపే చూస్తూ, "అమ్మ మీద సెప్పమంటావేటి అప్పా? నామీదే కోపంగా ఉండు, పరవానేదు అనుకున్నాను," అన్నాడు. నేను అక్కడే కూర్చుని ఏడ్చాను. వాడు నా పక్కన కూర్చున్నాడు, తడి పంచెతోనే.

చావు జరిగిన ఇంట్లో కోపం ఎవరో ఒకరి మీద పెట్టుకోవాలనిపిస్తుంది. నాన్న మీద పెట్టుకోలేం, ఆయన పోయాడు. అందుకని అందుబాటులో ఉన్నవాడి మీద పెట్టాను. వాడు ఏడాది పాటు మోశాడు. సాయంత్రం బజారుకెళ్లి వాడికి స్వెట్టర్ కొన్నాను. సైజు తప్పింది, మర్నాడు మార్చుకున్నాం. పెద్ద మాటలేవీ మేం మాట్లాడుకోలేదు.

ఇలాంటి పని మీద ఉత్తరాదికి వెళ్లేవాళ్లకు ఒక సలహా. తిథి రాసుకునేటప్పుడు నెల పేరు నమ్ముకోకండి, పున్నమి వెళ్లిన ఎన్నో రోజో రాసుకోండి. ఇంట్లో అమ్మ ఉంటే పంచాంగం కన్నా ముందు ఆమెను అడగండి. నాన్న తిథి ఎప్పుడో, ఆయన పోయిన రోజు ఎవరు ఆగనివ్వలేదో, రెండూ ఆమెకు తెలుసు. ఏడాదిలో నేను ఒక్కటీ అడగలేదు.